గాలి 22 నాట్లు, సెయిల్ 6.5: తప్పు నాదా, సామానుదా?

కొత్తతెర | ఫ్రీమాంట్, కాలిఫోర్నియా | జూన్ 9

అందరికీ నమస్కారం. నిరుడు వేసవిలో మౌంటెన్ వ్యూలోని షోర్‌లైన్ సరస్సులో విండ్‌సర్ఫింగ్, అంటే సెయిల్ (తెరచాప) బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్ల మీద పోవడం, నేర్చుకున్నాను. అక్కడ అన్నీ బాగానే వచ్చాయి. సెయిల్ పైకి లాగడం, మలుపు తిరగడం, బయలుదేరిన చోటికే తిరిగి రావడం. ఆ ధైర్యంతో ఈ ఏడాది సొంత సామాను కొనుక్కున్నాను. అంతా పాతదే: 125 లీటర్ల ఘనపరిమాణం ఉన్న బోర్డు, 6.5 చదరపు మీటర్ల సెయిల్, 460 సెంటీమీటర్ల మాస్టు (సెయిల్‌ను నిలబెట్టే స్తంభం), 46 సెంటీమీటర్ల ఫిన్ (బోర్డు తోక కింద నీటిలో ఉండే పలక). నా బరువు 80 కిలోలు.

మూడు శనివారాలుగా శాన్ ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఉన్న కోయట్ పాయింట్‌కు వెళ్తున్నాను. ఒడ్డున నిలబడితే గాలి హాయిగానే ఉంటుంది. రెండు మూడు వందల మీటర్లు లోపలికి వెళ్లేసరికి కథ మారిపోతోంది. సెయిల్ చేతుల్లోంచి గుంజుకుపోతోంది, ముఖ్యంగా వెనక చెయ్యి పది నిమిషాలకే పడిపోతోంది. హార్నెస్ (సెయిల్ లాగుడును ఒంటి బరువుతో మోయడానికి నడుముకు కట్టుకునే కొక్కెం పట్టీ) తగిలించుకుంటే మరీ ఘోరం. ఒక్క విసురుకు నన్ను ఎత్తి బోర్డు ముక్కు మీద పడేస్తోంది. మొన్న మాస్టు తగిలి ముక్కు దగ్గర పెచ్చు కూడా ఊడింది. ఇంటికి వచ్చాక అక్కడి గాలి కొలిచే సెన్సార్ లెక్క చూస్తే ఆ సమయంలో 22 నాట్లు (గంటకు దాదాపు 41 కిలోమీటర్లు).

డబ్బులిచ్చి దెబ్బలు తినడం ఎందుకని మా ఆవిడ అడుగుతోంది. సమాధానం చెప్పలేకపోతున్నాను. తప్పు నాదా, సామానుదా?

---

మూడో_బ్యాటన్ | శాన్ హోసే | జూన్ 9

ముందు ఒక చిన్న లెక్క. మీ బరువును 1.34తో హెచ్చించి, వచ్చినదాన్ని గాలి వేగంతో (నాట్లలో) భాగించండి. ఎన్ని చదరపు మీటర్ల సెయిల్ కావాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మీకు 80 × 1.34 = 107. దాన్ని 22తో భాగిస్తే 4.9. మీరు తీసుకెళ్లింది 6.5.

తిరగేసి చూడండి. 6.5 మీకు సరిగ్గా నప్పే గాలి 16.5 నాట్లు. 16.5కూ 22కూ తేడా ఐదున్నరే కదా అనుకుంటారు, అక్కడే అందరం దెబ్బతింటాం. గాలి తోపు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 10 నాట్ల గాలి 20 అయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. మీ విషయంలో దాదాపు 1.8 రెట్లు. మీ సెయిల్ మీరు మోయగలిగినదానికి ఇంచుమించు రెట్టింపు లాగుతోందన్నమాట. మీ వెనక చేతి తప్పేమీ లేదు.

---

ఉప్పుటేరు | శాన్ మటేయో | జూన్ 9

లెక్క బాగుంది. కానీ ఆ లెక్కలో వేయాల్సిన అంకె ఎక్కడిది? ఈయన ఒడ్డున గాలి చూసి తెరచాప కట్టారు. కోయట్ పాయింట్ చేసే మోసమే అది. ఒడ్డు దగ్గర గాలి పలచగా, తుంపులు తుంపులుగా ఉంటుంది. బయటికి పోయేకొద్దీ గట్టిపడుతుంది. ఒడ్డున చెంపకు తగిలే గాలిని బట్టి తెరచాప ఎంచుకుంటే పెళ్లిపందిట్లో వేసుకునే బట్టలతో పొలంలోకి దిగినట్టే.

నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఆడుతున్నాను. వచ్చీ రాగానే చేసే పని కారు దిగి పది నిమిషాలు ఊరికే నిలబడడం. ఎవరితోనూ మాట్లాడను. నీళ్ల రంగు చూస్తాను. అక్కడక్కడ తెల్లటి నురగ మొదలైతే 10 నాట్లు. ఎటు చూసినా నురగే అయితే 15 పైన. అలల కొసల నుంచి నీటి తుంపర లేస్తుంటే 20 దగ్గర. ఆ నురగ ఎంత దూరంలో మొదలవుతోంది? మొన్నటికీ ఇవాళ్టికీ అది ఒడ్డుకు దగ్గరైందా? ఆ తరవాత నీళ్లలోంచి బయటికి వస్తున్నవాళ్లను, నా బరువుకు దగ్గరగా ఉన్నవాళ్లను చూసి "మీరు ఏ సైజు కట్టారు, సరిపోయిందా?" అని అడుగుతాను. సెన్సార్ కన్నా ఆ మనిషి ముఖమే బాగా చెబుతుంది.

ఇంకొకటి. ఈ బేలో వేసవి గాలి గడియారంలా నడుస్తుంది. సెంట్రల్ వ్యాలీ ఎండకు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పసిఫిక్ మీది చల్లటి గాలి గోల్డెన్ గేట్ సందులోంచి, కొండల మధ్య పల్లాల్లోంచి లోపలికి దూసుకొస్తుంది. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ఉన్న గాలి నాలుగింటికి ఉండదు, పెరుగుతుంది. ఒంటిగంటకు సరిపోయే తెరచాప కట్టి మూడున్నర దాకా బయటే ఉంటే మీ కథే అవుతుంది. మీరు ఏ వేళకు వెళ్తున్నారు?

(కొత్తవాళ్ల కోసం: నాట్లు అంటే వరి నాట్లు కాదు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. ఇదివరకు ఒకరు నిజంగానే అడిగారు.)

---

యాభైరెండు_కిలోలు | అలమేడా | జూన్ 10

ఉప్పుటేరు గారూ, "నా బరువుకు దగ్గరగా ఉన్నవాళ్లను" అన్నారు చూడండి, దాన్ని పెద్ద అక్షరాలతో రాయాలి. నేను నేర్చుకున్న కొత్తలో అందరూ 5.5 కట్టారని నేనూ 5.5 కట్టాను. నా పేరు చూశారుగా. ఆ రోజు నేను విండ్‌సర్ఫింగ్ చేయలేదు, గాలిపటానికి తోకనయ్యాను.

ఇప్పుడు 17 నాట్లకు 4.2, 20 దాటితే 3.7. లెక్క ప్రకారం ఇంకా చిన్నది కావాలి గానీ నా దగ్గర అంతకన్నా చిన్నది లేదు. అప్పుడు ఒడ్డున కూర్చుని పులిహోర తింటాను. మర్యాదకు లోటు లేదు.

కొత్తతెర గారూ, కొన్నాళ్లు అలమేడాలోని క్రౌన్ బీచ్‌కు రండి. ఇసుక నేల, చాలా దూరం నడుము లోతే. పడితే లేచి నిలబడవచ్చు. పడడం గురించి భయం పోతే సగం బిగుసుకుపోవడం తగ్గుతుంది.

---

కొత్తతెర | జూన్ 10

అందరికీ ధన్యవాదాలు. వెళ్లేది రెండింటికి, తిరిగి వచ్చేది ఐదింటికి. ఉప్పుటేరు గారు చెప్పిన ఉచ్చులో నేరుగా కాలు పెట్టానన్నమాట.

చిన్న సెయిల్ కొంటాను, అది తేలిపోయింది. కానీ ఒక అనుమానం మిగిలింది. మొన్న నా పక్కనే ఒకాయన, ఇంచుమించు నా ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే, 6.2 తో దర్జాగా పోతున్నాడు. ఒక చేత్తో ముక్కు తుడుచుకుంటూ మరీ! అదే గాలి, అదే నీళ్లు. ఆయనకు ఎలా కుదిరింది?

---

పాతకాపు | హిల్స్‌బరో, ఆరెగన్ | జూన్ 10

ఎలాగంటే ఆయనకు వచ్చు, మీకు ఇంకా రాలేదు. కటువుగా ఉంటే మన్నించండి. ఇక్కడ ప్రతి చర్చా చివరికి షాపింగ్ పట్టికగా మారుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు సెయిల్ మీద, ఫిన్ మీద, మాస్టు మీద నెట్టేస్తాం.

కొలంబియా నది ఒడ్డున హుడ్ రివర్‌లో నేను రోజూ చూసే దృశ్యం ఇది. విసురు వస్తుంది. కొత్తవాడు భయపడి రెండు చేతులూ మడిచి బూమును (సెయిల్‌కు అడ్డంగా ఉండే, చేతులతో పట్టుకునే గొట్టాన్ని) గుండెకు హత్తుకుంటాడు, మునివేళ్ల మీద లేస్తాడు. అంటే సెయిల్‌ను ఇంకా మూస్తాడు (తన వైపు లాగి ఇంకా గాలి పట్టిస్తాడు), బరువును ఇంకా పైకి తెస్తాడు. ఆ తరవాత గాల్లోకి ఎగిరేది ఆయన తప్పు కాదు, భౌతికశాస్త్రం.

విసురు చెప్పాపెట్టకుండా రాదు. గాలి వచ్చే వైపు నీటి మీద నల్లటి మరక పాకుతూ వస్తుంది. అది మిమ్మల్ని చేరడానికి రెండు మూడు సెకన్లు ఉంటుంది. ఆ లోపల కూర్చోవాలి. కుర్చీలో కూర్చున్నట్టు కాదు, బావి దగ్గర బొక్కెన లాగేటప్పుడు వెనక్కి వాలుతాం కదా, అలా. నడుము కిందికీ వెనక్కీ, ముందు చెయ్యి నిటారుగా, ముందు కాలు నిటారుగా, వెనక మోకాలు కాస్త మడిచి. బరువు హార్నెస్ మీద వేలాడాలి, చేతుల మీద కాదు. ఆ బరువు తాడు గుండా మాస్టు అడుగుకు దిగి బోర్డు ముక్కును అణిచి ఉంచుతుంది. అప్పటికీ ఎక్కువైతే వెనక చేతిని నాలుగు వేళ్ల మందం వదలండి. తలుపు ఓరగా తీసినట్టు. మొత్తం వదిలేస్తే బోర్డు ఆగిపోతుంది. ఆగిన బోర్డు మీద మళ్లీ సెయిల్ మూస్తే గాలి దెబ్బ మొత్తం మీ మీదే పడుతుంది. వేగంగా పోతున్న బోర్డు మీద సెయిల్ తేలిక, నిలిచిపోయిన బోర్డు మీద బరువు. ఇది నమ్మడానికి నాకు రెండేళ్లు పట్టింది.

---

మూడో_బ్యాటన్ | జూన్ 10

పాతకాపు గారి మాటలో నిజం ఉంది. కానీ సరిగా బిగించని సెయిల్‌తో ఆ భంగిమ ఎంత సాధన చేసినా రాదు. మద్దెల నిజంగా ఓడు కావచ్చు కదా, ఒకసారి చూస్తే పోయేదేముంది?

కొత్తతెర గారూ, "ముఖ్యంగా వెనక చెయ్యి" అన్నారు. ఆ ఒక్క ముక్క మీద నాకు అనుమానం. సెయిల్ మీద రాసిన లఫ్ (మాస్టు వైపు అంచు), బూమ్ కొలతలు ఎంత? మాస్టు కింద ఎక్స్‌టెన్షన్ (పొడవు పెంచే ముక్క) ఎంతకు పెట్టారు? ఒడ్డున కట్టి పడుకోబెట్టిన సెయిల్ ఫొటో, పైకొస బాగా కనిపించేలా, ఒకటి పెట్టండి.

---

కొత్తతెర | జూన్ 14

ఫొటో పెట్టాను. లఫ్ 468, బూమ్ 190 అని రాసి ఉంది. ఎక్స్‌టెన్షన్ 8కి పెట్టాను, అంటే 460 + 8, సరిపోయింది. డౌన్‌హాల్ తాడు (సెయిల్‌ను మాస్టు వెంట కిందికి లాగేది) చేత్తో ఎంత వస్తే అంత లాగాను. ఇంక రాదు అన్నంత బిగువుగానే ఉంది. సెయిల్ నున్నగా, ఎక్కడా ముడత లేకుండా, డోలు చర్మంలా ఉంది చూడండి.

---

మూడో_బ్యాటన్ | జూన్ 14

ఆ డోలు చర్మమే దొంగ.

మీ ఫొటోలో సెయిల్ అడుగున ఉన్న కప్పీకి, ఎక్స్‌టెన్షన్ కప్పీకి మధ్య దాదాపు నాలుగు వేళ్లు పట్టే సందు ఉంది. ఎక్స్‌టెన్షన్ సరిగ్గా 8కి పెట్టినప్పుడు ఆ రెండు కప్పీలూ ఇంచుమించు ఒకదానికొకటి ఆనుకోవాలి. మీరు ఆరేడు సెంటీమీటర్లు తక్కువ లాగారు. డౌన్‌హాల్‌లో అది చాలా పెద్ద తేడా. ఒక్క సెంటీమీటరుకే సెయిల్ స్వభావం మారిపోతుంది.

ఏం జరుగుతుందో చెబుతాను. డౌన్‌హాల్ లాగితే మాస్టు విల్లులా వంగుతుంది. వంగిన మాస్టు పైన సెయిల్ వెనక అంచు, అంటే లీచ్, వదులవుతుంది. విసురు వచ్చినప్పుడు ఆ వదులు భాగం దానంతట అదే మెలితిరిగి తెరుచుకుని, మిగులు గాలిని వెనక్కి జార్చేస్తుంది. మీరేమీ చేయక్కర్లేదు. డౌన్‌హాల్ చాలకపోతే పైకొస తెరుచుకోదు. సెయిల్ బొజ్జ గాలికి నిలవక వెనక్కి జరుగుతుంది. లాగే బలమంతా వెనక చేతి కిందికి వచ్చి చేరుతుంది. పైగా పైకొస దగ్గర పట్టిన గాలి మిమ్మల్ని ముందుకు బోర్లా వేయడానికి మంచి మీటలా పనిచేస్తుంది. మీ ముక్కు మీది పెచ్చు అలా ఊడిందే. ముక్కు అంటే బోర్డుది.

సరిగ్గా కట్టిన సెయిల్ ఒడ్డున పడుకోబెట్టి చూస్తే అందంగా ఉండదు. పైనున్న రెండు మూడు బ్యాటన్ల (సెయిల్‌లో అడ్డంగా ఉండే బద్దల) మధ్య, వెనక అంచు నుంచి లోపలికి, ఉతికి ఆరేసిన పంచెలా వదులుగా వేలాడాలి. ఎంత లోపలికి ఉండాలో చాలా సెయిళ్ల మీద ఒక చుక్కో గీతో అచ్చువేసి ఉంటుంది. మీ సెయిల్ మీద కూడా పైనుంచి రెండో బ్యాటన్ దగ్గర చిన్న గుర్తు కనిపిస్తోంది. చూడండి.

చేతులతో అంత బలం రాదు, ఎవరికీ రాదు. తాడు కొసను హార్నెస్ కొక్కేనికి రెండు చుట్లు చుట్టి, ఒక పాదం ఎక్స్‌టెన్షన్ అడుగున ఆనించి, నిటారు వీపుతో వెనక్కి వాలండి. తాడు కప్పీల్లో ఒకదాని మీద ఒకటి పడకుండా వరసగా ఉందో లేదో ముందు చూసుకోండి. ఒకటి అడ్డం పడితే ఏనుగుతో లాగించినా రాదు.

ఇక బూమ్ వైపు లాగే అవుట్‌హాల్. గట్టి గాలికి రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ, పలచటి గాలికి తక్కువ లాగి కాస్త బొజ్జ ఉంచాలి. చాలామంది గాలి ఎక్కువైందనగానే దీన్ని లాగుతారు, ఎందుకంటే ఇది సులువు. ముందు లాగాల్సింది డౌన్‌హాల్.

ఆ 6.2 ఆయన సంగతి ఇదే అయి ఉంటుంది. వచ్చు కూడా, కట్టడం తెలుసు కూడా.

---

పాతకాపు | జూన్ 14

ఫొటో చూశాను. మద్దెల ఓడే. నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను.

---

కార్పస్_కొంగ | డాలస్ | జూన్ 15

మిగతా సగం నేను అందుకుంటాను. ఆ 46 ఫిన్ గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి?

ఫిన్ నీటిలో రెక్క లాంటిది. వేగం పెరిగేకొద్దీ అది బోర్డు తోకను పైకి ఎత్తుతుంది. 7 చదరపు మీటర్ల సెయిల్‌తో 14 నాట్లలో ఆ ఎత్తుడు వరం, త్వరగా ప్లేనింగ్‌లోకి (నీటి పైన జారే వేగంలోకి) వెళ్తారు. 22 నాట్లలో అదే ఫిన్ బోర్డును ఒక పక్కకు ఎత్తి, తోక మీద నడిపిస్తుంది. పాదం కింద నేల కదిలినట్టు ఉంటుంది. 5.3 లాంటి చిన్న సెయిల్ కొంటే దాంతో పాటు 36 నుంచి 38 మధ్య ఒక ఫిన్ కూడా చూసుకోండి. సెయిల్ తగ్గితే ఫిన్ తగ్గాలి, రెండూ జంట ఎద్దులు.

మాస్టు అడుగును కూడా గాడిలో నడిమి గుర్తు నుంచి రెండు సెంటీమీటర్లు ముందుకు జరపండి. ముక్కు అణిగి ఉంటుంది. పలచటి గాలిలో వెనక్కి జరిపితే బోర్డు తేలిగ్గా లేస్తుంది. బూమ్ ఎత్తు కూడా అంతే, గాలి తక్కువైతే గడ్డం దాకా, ఎక్కువైతే భుజం దాకా.

మా కథ వేరు. ఇక్కడి నుంచి ఆరేడు గంటలు కారు నడుపుకుంటూ కార్పస్ క్రిస్టీ దగ్గరి బర్డ్ ఐలండ్ బేసిన్‌కు వెళ్తాం. లగూనా మాడ్రే నీళ్లు మైళ్ల కొద్దీ నడుము లోతే, అల ఉండదు, ఆగ్నేయపు గాలి నిలకడగా ఉంటుంది. కానీ అడుగున నాచుగడ్డి. మొదటిసారి నిటారు ఫిన్‌తో వెళ్లి ప్రతి వంద గజాలకూ గడ్డి కట్ట ఒకటి మోశాను. బోర్డు వేగం తగ్గుతుంటే సెయిల్ పెద్దది కావాలేమోనని ఒడ్డుకు వచ్చి పెద్దది కట్టాను. అప్పుడు మోకాలి లోతు నీళ్లలో గాల్లోకి ఎగిరాను. సమస్య గాలిది కాదు, గడ్డిది. వెనక్కి బాగా వాలిన ఫిన్ వేసుకున్నాక మళ్లీ చిన్న సెయిల్‌కే వచ్చాను.

---

కొత్తతెర | జూన్ 23

నివేదిక సమర్పిస్తున్నాను.

5.3 సెయిల్, 37 ఫిన్ దొరికాయి, రెండూ పాతవే. శనివారం ఒంటిగంటకే కోయట్ పాయింట్ చేరాను. పది నిమిషాలు నోరు మూసుకుని నీళ్లు చూశాను. నురగ దూరంగా మొదలై, నేను చూస్తుండగానే ఒడ్డు వైపు జరిగింది. బయటికి వస్తున్న ఒకాయనను అడిగితే "ఐదున్నర, ఇంకాసేపట్లో ఎక్కువవుతుంది" అన్నాడు. 5.3 కట్టాను. డౌన్‌హాల్ హార్నెస్‌తో లాగుతుంటే మాస్టు విరుగుతుందేమోనని భయం వేసింది. కప్పీలు ఆనుకునే దాకా లాగాను. సెయిల్ పైకొస పాడైపోయినట్టు కనిపించింది. పక్కన కట్టుకుంటున్న కుర్రవాడి సెయిల్ వైపు దొంగచూపు చూశాను, అదీ అలాగే ఉంది. ధైర్యం వచ్చింది.

నీళ్లలోకి వెళ్లాక మొదటి విసురు వచ్చింది. నల్లటి మరక కనిపించింది. కూర్చున్నాను. అలవాటు కొద్దీ దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. దెబ్బ రాలేదు. తలెత్తి చూస్తే సెయిల్ పైకొస తలుపు రెక్కలా తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. బోర్డు మాత్రం ముందుకు దూకింది. విమానాశ్రయంలో దిగుతున్న విమానాన్ని చూసేంత తీరిక దొరికింది నాకు!

ఒక్క సమస్య మిగిలింది. వెనక చెయ్యి బాగా తగ్గింది గానీ ఇంకా కాస్త లాగుతోంది. రెండుసార్లు తోక ఉన్నట్టుండి పక్కకు జారింది.

---

యాభైరెండు_కిలోలు | జూన్ 23

శుభవార్త! ఇంట్లో ఆవిడకు కూడా చెప్పండి.

వెనక చేతికి: హార్నెస్ తాళ్లు ఒక అంగుళం వెనక్కి జరపండి. సెయిల్ లాగే చోటు ఎక్కడుందో అక్కడే తాళ్లు ఉండాలి. నీళ్లలో, నిలకడగా పోతున్నప్పుడు, తగిలించుకుని రెండు చేతులనూ బూమ్ మీద వేళ్లు ఆనించినంత తేలిక చేయండి. సెయిల్ తెరుచుకుంటే తాళ్లు వెనక్కి, దానంతట అదే మూసుకుంటే ముందుకు. ప్రతి సెయిల్‌కూ చోటు వేరుగా ఉంటుంది, 6.5 కు పెట్టిన చోటునే 5.3 కు ఉంచి ఉంటారు.

తోక జారడానికి: వెనక కాలితో పక్కకు తన్నుతున్నారు. ఫిన్ మీద అంత ఒత్తిడి పెడితే అది నీటి పట్టు వదిలేస్తుంది. బరువు హార్నెస్ మీద వేయండి, వెనక పాదం ఊరికే ఉండనివ్వండి.

---

సాగర్_గట్టు | హైదరాబాద్ | జూన్ 25

ఈ చర్చ చదివి ధైర్యం తెచ్చుకుని అడుగుతున్నాను. నేను హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకుంటున్నాను. పెద్ద బోర్డు, 205 లీటర్లు, మధ్యలో కిందికి దించే డాగర్ బోర్డు ఉంటుంది. సెయిల్ 5.5. బరువు 68. నైరుతి గాలులు మొదలయ్యాయి. ఫోనులో 25 అని చూసి వెళ్తే ఒక నిమిషం ఏమీ ఉండదు, మరు నిమిషం కొట్టి పడేస్తుంది. గాలి ఎక్కువైనప్పుడు బోర్డు ఒక పక్కకు నిలబడిపోయి తిరగబడుతోంది. మీ అందరి గాలీ నిలకడగా ఉన్నట్టుంది. నాలాంటివాళ్లు ఏ అంకెకు సెయిల్ కట్టాలి?

---

ఉప్పుటేరు | జూన్ 25

అడిగినందుకు సంతోషం. మొదట అంకె సంగతి. ఫోనులో చూసిన 25 కిలోమీటర్లు అయి ఉంటుంది. అంటే 13 న్నర నాట్లు. అదీ సగటు. ఊరి మధ్య చెరువులో సగటు గాలి అనేది ఎప్పుడూ వీచదు. 7 వీస్తుంది, 20 వీస్తుంది, మధ్యలో ఉన్నదాన్ని కాగితం మీద వేస్తారు.

చెదిరిన గాలికి నా పద్ధతి ఇది: తెరచాప విసురుకు కట్టు, బోర్డు గాలి తగ్గే వేళకు ఎంచుకో. విసురులో భరించగల తెరచాప ఉంటే పడరు, గాలి సద్దుమణిగినప్పుడు మోయగల బోర్డు ఉంటే మునగరు. మీకు బోర్డు ఎలాగూ పెద్దదే. తెరచాప 4.5 దొరికితే అది కట్టండి. గాలి తగ్గినప్పుడు మెల్లగా పోతారు, పోనీండి.

బోర్డు పక్కకు నిలబడడం డాగర్ బోర్డు పనే. పలచటి గాలిలో అది పక్కకు కొట్టుకుపోకుండా, గాలికి ఎదురు వెళ్లేలా ఆపుతుంది. వేగం పెరిగితే అదే పెద్ద ఫిన్‌లా బోర్డును ఎత్తి కుదేస్తుంది. గాలి హెచ్చగానే పాదంతో నెట్టి లోపలికి ముడవండి. ఒడ్డున పది సార్లు చూడకుండా నెట్టడం సాధన చేయండి.

ఎక్కడ ఆడాలో కూడా చూసుకోవాలి. ఏ అడ్డమైనా సరే, దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా దాని వెనక గాలి చెదిరి ఉంటుందని లెక్క పెట్టుకోండి. పడమటి గట్టున ఎత్తయిన కట్టడాలుంటే అటువైపు ఒడ్డుకు దూరంగా, చెరువు నడిమికి రండి. 18 మీటర్ల బుద్ధుడి చాటున ప్రశాంతత దొరుకుతుంది గానీ గాలి దొరకదు.

---

పెర్త్_పైరగాలి | పెర్త్, ఆస్ట్రేలియా | జూన్ 26

సాగర్_గట్టు గారు అన్నట్టు నిలకడైన గాలి మా వాళ్ల అదృష్టం. ఇక్కడ వేసవి మధ్యాహ్నాలు సముద్రం నుంచి నైరుతి గాలి వస్తుంది, ఊరంతా దాన్ని ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు. ఎండ రోగానికి వైద్యుడన్నమాట. మా ఊళ్లో సాయంత్రం పైరగాలికి అరుగు మీద కూర్చునేవాళ్లం, ఇక్కడ అదే గాలికి 4.7 కట్టుకుని స్వాన్ నదిలోకి దిగుతున్నాను. ఇప్పుడు మాకు చలికాలం. సామానంతా గ్యారేజీలో ఉంది. మీ చర్చ చదువుతూ కడుపు నింపుకుంటున్నాను.

సాగర్_గట్టు గారికి ఒక్క మాట. నేను నేర్చుకున్నది కూడా అలాంటి చెదిరిన గాలిలోనే. అక్కడ పడినవాడు నిలకడ గాలికి వస్తే మెట్లు దిగినంత సులువు.

---

కొత్తతెర | జూలై 7

తాళ్లు జరిపాను, వెనక పాదం బుద్ధిగా ఉంచాను. తోక జారలేదు. నిన్న నాలుగింటికి గాలి మరీ పెరిగితే ఒడ్డుకు వచ్చి డౌన్‌హాల్ ఒక సెంటీమీటరు, అవుట్‌హాల్ రెండు లాగి మళ్లీ వెళ్లాను. కొత్త సెయిల్ కొన్నంత తేడా!

ఇక ధైర్యం చేసి వచ్చే శనివారం క్రిస్సీ ఫీల్డ్‌కు వెళ్దామా అని ఆలోచిస్తున్నాను. గోల్డెన్ గేట్ వంతెన కింద ఒక ఫొటో...

---

ఉప్పుటేరు | జూలై 7

వద్దు.

కోప్పడుతున్నానని అనుకోకండి, కారణం చెబుతాను. అక్కడ గాలి ఒక్కటే చూస్తే చాలదు. ఆటుపోట్లు చూడాలి. గాలి పడమటి నుంచి లోపలికి. ఆటు సమయంలో నీరు లోపలి నుంచి పడమటికి, సముద్రంలోకి. రెండూ ఎదురెదురు. 20 నాట్ల గాలి, 3 నాట్ల ప్రవాహం అనుకోండి. ఆటులో నీరు మిమ్మల్ని గాలి మీదికి తోస్తుంది, మీకు తగిలేది 23. పోటులో నీరు గాలితో పాటే పోతుంది, తగిలేది 17. అదే రోజు, అదే గాలి, తోపులో తేడా దాదాపు 1.8 రెట్లు. జూన్‌లో మూడో_బ్యాటన్ మీకు చెప్పిన అంకే. 5.3 సరిపోయిన చోటే నాలుగు గంటల తరవాత సరిపోదు.

పైగా ఎదురెదురుగా పోయే గాలీ నీరూ కలిసి అలను నిటారుగా, గుంపుగా లేపుతాయి. ఆ నీళ్లలో పడి, గాలి పడిపోయి, తెరచాప లేపలేకపోతే ఆటు మిమ్మల్ని వంతెన కిందికి, ఆ తరవాత అవతలికి తీసుకెళ్తుంది. మీరు కోరుకున్న ఫొటో వస్తుంది గానీ తీసేవాళ్లు కోస్ట్ గార్డు అవుతారు. నీరు మండు వేసవిలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది.

తెరచాపను నీళ్లలోనే చుట్టి, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డువేస్తూ ఒడ్డు చేరడం ఎప్పుడైనా సాధన చేశారా? అలమేడాలో నడుము లోతులో రెండుసార్లు చేయండి. ఏం జరిగినా బోర్డు వదలొద్దు. ఆ తరవాత, ఈ ఏడాది చివర్లో, గాలి వేళకు పోటు ఉండే రోజు చూసి నేనే తీసుకెళ్తాను.

---

పాతకాపు | జూలై 7

ఉప్పుటేరు గారితో ఏకీభవిస్తున్నాను. మా కొలంబియా నదిలోనూ ఇదే సంగతి. నది పడమటికి, వేసవి గాలి తూర్పుకు. పడిపోయినవాణ్ణి ప్రవాహం గాలికి ఎదురుగా వెనక్కి తెచ్చిపెడుతుంది, అందుకే అందరికీ అంత ఇష్టం. ప్రవాహం అదే పని చేస్తుంది, కాకపోతే మా దగ్గర అది ఇంటి వైపు తెస్తుంది, మీ దగ్గర సముద్రంలోకి.

---

కొత్తతెర | జూలై 8

సరే, సరే. ఫొటో వాయిదా. శనివారం అలమేడా, పదకొండింటికి. తెడ్డువేయడం సాధన. ఇంట్లోవాళ్లు కూడా వస్తామంటున్నారు, నేను పడడం కళ్లారా చూడాలట. ఎవరైనా కలుస్తారా?

---

యాభైరెండు_కిలోలు | జూలై 8

నేను ఉంటాను. పులిహోర తెస్తాను. గాలి మరీ ఎక్కువైతే మీ 5.3 మీరు కట్టుకోండి, నాకేం తొందర లేదు.